తిరిగే బొమ్మ, చెల్లెలి దిగులు

పోయిన దసరాకు పెబ్బేరు నుంచి మా చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఏమైందే అంటే, "అక్కా, పిల్లగాడు నౌకరి ఇడిసిపెట్టి వచ్చిండు. కట్టె బొమ్మలు చేస్తడట!" అంది. వాడు వనపర్తి ప్యాలెస్‌లోని పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, హైదరాబాదులో ఆరేళ్ళు ఫ్యాక్టరీ పని చేసినవాడు. సంబంధాలు చూస్తున్న సమయం. మీరే చెప్పండి, ఏ తల్లికైనా గుండె జారదా?

బుద్ధి చెబుదామనే వీపనగండ్లలో బస్సెక్కాను. వాడు పశువుల కొట్టం ఊడ్చుకుని పనిముట్ల మధ్య కూర్చున్నాడు. "పెద్దమ్మా, ఇది తిప్పు" అని ఓ చెక్క పెట్టె ముందుకు జరిపాడు. పిడి తిప్పగానే పెట్టె మీది ఆడబొమ్మ రోకలెత్తి దంచుతోంది! పక్కన కోడి వంగి గింజ ఏరుతోంది. కరెంటు లేదు, సెల్లు లేదు. చెప్పొద్దూ, వచ్చిన పని మరిచి పదిసార్లు తిప్పాను.

కిటుకు లోపల ఉంది. చెక్క చక్రానికి నడిమధ్యన కాకుండా ఓ పక్కగా బెజ్జం వేసి ఇరుసు గుచ్చాడు. తిరిగినప్పుడు ఎత్తు వైపు పైకొచ్చి, దానిమీద ఆనిన పుల్లను లేపుతుంది, దాటగానే పుల్ల దిగుతుంది. మన కుట్టుమిషన్‌లో చక్రం గుండ్రంగా తిరిగితే సూది పైకీ కిందికీ పోదూ, అలాంటిదే. వానలకు మన తలుపులు పట్టేసినట్టే ఇరుసూ బిగుసుకుంటుందట, అందుకని కాస్త సందు వదలాలి. "ఫ్యాక్టరీల ఇనుముతోని చేసిన పనే పెద్దమ్మా" అన్నాడు. చదువు గంగలో కలిసిందన్న చెల్లెలి మాట అక్కడే కొట్టేశాను.

ఈ దారి పట్టింది వీడొక్కడే కాదు. అమెరికాలో డేవిడ్ రాయ్ అనే ఆయన ఫిజిక్సు చదివి, 1975 నుంచి స్ప్రింగు బలంతో గంటల తరబడి తిరిగే చెక్క శిల్పాలు చేస్తూ వచ్చాడు. మన తెలుగువాళ్ళలో ఏటికొప్పాక సి.వి. రాజుగారు వ్యవసాయ డిగ్రీ చదివి బొమ్మల్లోకి వచ్చారు. అక్కడ అంకుడు కర్రను తరిణి పట్టి, అది తిరుగుతుండగానే లక్క అద్దుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. రసాయన రంగులు వచ్చిపడ్డాక, ఆయన పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగుల్ని మళ్ళీ తెచ్చారు. పసిపిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకునేవాళ్ళే కదా! 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

అయితే పద్మశ్రీ పేరు చెబితే చెల్లెలి పొయ్యి వెలగదు. అందుకే లెక్క అడిగాను. కట్టె, జిగురు, పాలిష్ కలిపి నూట ఎనభై.

"ఎంతకమ్ముతవురా?"

"మూడొందలు, పెద్దమ్మా."

"ఎన్ని దినాలు పట్టింది?"

నసిగాడు. "ఐదు."

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని, దారం, హుక్కుల డబ్బులు చూసుకున్నానే గానీ నా మెడనొప్పికి ఏనాడు ఖరీదు కట్టాను? ఆర్డరు మీద సకినాలు చేసిచ్చే మీరూ నూనె లెక్కేస్తారు, పొయ్యి ముందు పోయిన పొద్దు లెక్కేయరు. ఆ తెలివితక్కువతనం మన ఆడవాళ్ళదే అనుకున్నాను ఇన్నాళ్ళూ! గోడకు క్యాలెండరు తగిలించి, బొమ్మ బొమ్మకూ గంటలు రాయమన్నాను. వారానికి మూడు రోజులు మోటార్ల రిపేరుకు పోతానని వాడితో ఒప్పించాకే మా చెల్లెలు అన్నం తింది.

ఇప్పుడు దంచే బొమ్మ ధర పద్నాలుగు వందలు. నాలుగు అమ్మాడు, ఒకటి వానకు బిగుసుకుని వాపసొస్తే ఊరికే బాగుచేసిచ్చాడు.

మొన్న పెళ్ళివారు వస్తున్నారని చెల్లెలు బొమ్మలన్నీ అటకెక్కించింది. పిల్ల నాయనమ్మ మంచినీళ్ళకని లోపలికొచ్చి, మూల మిగిలిపోయిన కోడి పిడి పట్టుకుని పావుగంట కూర్చుంది. కబురు ఇంకా రాలేదు.