అయస్కాంత అర్ధవాహకము

అర్ధవాహకముల విద్యుత్ గుణములను, ఇనుము వంటి లోహముల అయస్కాంత గుణమును ఏకకాలమున ప్రదర్శించు పదార్థమును అయస్కాంత అర్ధవాహకము అంటారు. కంప్యూటరులో గణన పనిని సిలికాన్ చిప్పు, హార్డ్ డిస్కులో సమాచారమును భద్రపరచు పనిని అయస్కాంత లోహపు పొర నిర్వహిస్తాయి. ఈ రెండు పనులను ఒకే పదార్థముతో చేయించవచ్చుననే ఆశయే ఈ పరిశోధనలకు మూలము. ఎలక్ట్రాను ఆవేశముతో పాటు దాని స్పిన్‌ను కూడా వినియోగించు ఈ శాస్త్రమునకు స్పిన్‌ట్రానిక్స్ అని పేరు.

చరిత్ర

యూరోపియం ఆక్సైడ్ ఫెర్రో అయస్కాంతమని 1961లో కనుగొన్నారు. అయితే 69 కెల్విన్ దాటగానే దాని అయస్కాంతత్వము నశిస్తుంది. ఈ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. 1996లో జపానులోని తోహోకు విశ్వవిద్యాలయమునకు చెందిన హిదేవో ఓనో బృందము గాలియం ఆర్సెనైడ్‌లో మాంగనీస్ కలిపి ఫెర్రో అయస్కాంత పొరలను తయారుచేసినది. 1998 నాటికి వాటి క్యూరీ ఉష్ణోగ్రత 110 కెల్విన్‌కు చేరినది.

పరమాణు స్థానము - ఫలితము

గాలియం పరమాణువు బంధములకు మూడు ఎలక్ట్రాన్లను ఇస్తుంది. మాంగనీస్ రెండే ఇవ్వగలదు. కనుక గాలియం స్థానములో మాంగనీస్ చేరినపుడు ఒక ఎలక్ట్రాను కొరత, అనగా ఒక రంధ్రము ఏర్పడుతుంది. మాంగనీస్ లోపలి కక్ష్యలోని ఐదు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే దిశలో ఉండుటచే ఆ పరమాణువు చిన్న అయస్కాంతమువలె ప్రవర్తిస్తుంది. స్ఫటికములో సంచరించు రంధ్రములు దూరముగా ఉన్న ఈ చిన్న అయస్కాంతములన్నిటిని ఒకే దిశకు మళ్ళిస్తాయి.

కొన్ని మాంగనీస్ పరమాణువులు గాలియం స్థానములో కాక జాలకపు ఖాళీలలో ఇరుక్కొంటాయి. దీనివలన రెండు నష్టములు కలుగుతాయి. ఇట్టి ప్రతి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను విడిచి రెండు రంధ్రములను పూడ్చివేస్తుంది. పైగా పక్కనున్న మాంగనీస్‌కు వ్యతిరేక దిశలో నిలిచి దాని అయస్కాంతత్వమును రద్దుచేస్తుంది. పొరను సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు వేడిచేసినచో ఈ పరమాణువులు ఉపరితలమునకు చేరి, క్యూరీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. మిశ్రమము మారలేదు; పరమాణువు కూర్చున్న చోటు మాత్రమే మారినది. ఈ విధానముతో 170 కెల్విన్ దాటగలిగినారు. అయినను గది ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్.

వివాదము

తగినన్ని రంధ్రములు ఉన్నచో మాంగనీస్ కలిపిన గాలియం నైట్రైడ్, జింక్ ఆక్సైడ్ గది ఉష్ణోగ్రతలో కూడా అయస్కాంతములు కాగలవని 2000లో టోమాష్ డీట్ల్, సహచరులు సిద్ధాంతరీత్యా సూచించారు. పిదప జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటి పదార్థములపై ఇట్టి ప్రకటనలు అనేకము వెలువడినవి. వాటిలో పలు సందర్భములలో అయస్కాంతత్వము స్ఫటికమునకు చెందినది కాదనియు, గుంపుగా చేరిన లోహ రేణువుల వలననో, మలినముల వలననో కలిగినదనియు తేలినది. కనుక పరమాణువులు సమముగా వ్యాపించినవో లేదో చూడకుండా అయస్కాంత కొలత ఒక్కదానినే నమ్మరాదు.

పలుచని స్ఫటికములు

2017లో క్రోమియం ట్రైఅయొడైడ్ అను అర్ధవాహకపు ఏక పొర 45 కెల్విన్ వరకు ఫెర్రో అయస్కాంతముగా ఉండునని నిరూపించారు. రెండు పొరలు ఉన్నపుడు అవి పరస్పరము వ్యతిరేక దిశలలో నిలుస్తాయి. 2019లో పీడనము ప్రయోగించి ఒక పొరపై మరొక పొర అమరిన తీరును మార్చగా, అవి ఒకే దిశకు మళ్ళినవి. రసాయనిక సంఘటనము ఒకటే అయినను, అమరికయే అయస్కాంత గుణమును నిర్ణయించినది.

దీనినిబట్టి ఏ మూలకమును ఎంత కలపవలెననునది సమస్యలో సగమే. ఆ పరమాణువును సరియైన చోట నిలుపుట మిగిలిన సగము. గది ఉష్ణోగ్రతలో పనిచేయు పరికరములకు మార్గము కూడ అదియే.