రైక, చెప్పులు, కులం: పాఠంలోంచి తీసేసిన చరిత్ర

తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో దుస్తుల సామాజిక చరిత్ర మీద ఒక అధ్యాయం ఉండేది. అందులో కులానికీ బట్టకూ ఉన్న గొడవను చెప్పే భాగం నుంచి పరీక్షల్లో ప్రశ్నలు ఇవ్వబోమని 2016లో సీబీఎస్‌ఈ ప్రకటించింది. 2019లో ఎన్‌సీఈఆర్‌టీ మొత్తం అధ్యాయాన్నే తీసేసింది. పిల్లలకు భారం తగ్గించడానికట! నాడార్లను అందులో వర్ణించిన తీరుపై అభ్యంతరాలు వచ్చిన మాట నిజమే. తప్పుంటే సరిదిద్దాలి. పోరాటాన్నే తుడిచేస్తే లాభం ఎవరికి?

తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు పైకులాల ముందు ఛాతీ కప్పుకోరాదు. కప్పుకున్నవాళ్ల బట్టలు నలుగురిలో చింపారు. దశాబ్దాల ఘర్షణల తర్వాత 1859లో రాజు దిగొచ్చాడు, అదీ సగమే. ఎలాగైనా కప్పుకోవచ్చు, పైకులాల ఆడవాళ్లలా మాత్రం కాదని షరతు పెట్టాడు. ఈ షరతును మనం జాగ్రత్తగా చదవాలి. ఎవరిది ఏ కులమో చూడగానే తెలియాలి, ఆ గుర్తు ఆడవాళ్ల ఒంటి మీద ఉండాలి. పాలకులకు కావలసింది అదే.

ఎక్కడో మలయాళ దేశం ముచ్చట మనకెందుకని కోడేరులో చదువుకునే పిల్లలు అడగొచ్చు. నిజాం పాలనలోని తెలంగాణలో దొరకు వెట్టిగా చెప్పులు కుట్టి ఇచ్చింది మాదిగలు. ఆ దొర గడి ముందు వాళ్లే చెప్పులు విడిచి నడిచారు. కోడేరు నుంచి కృష్ణ దాటితే గద్వాల. అక్కడి నూలు చీరకు పట్టు అంచు కలిపే నేత గురించి, తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళ్లే ఏరువాడ జోడు పంచెల గురించి పత్రికలు రాస్తాయి. రాయాలి, అది నేతన్నల కష్టం. ఈ నేల మీదే నాట్లు వేసిన, కలుపు తీసిన మన అవ్వలు ఏం కట్టారో, ఏం కట్టుకోనివ్వలేదో అంత శ్రద్ధగా రాసింది తక్కువ.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలులకు శవాల మీది బట్టలను, ఇనుప నగలను విధించింది. 1927 డిసెంబరులో మహద్‌లో ఆ గ్రంథాన్ని దహనం చేశాక అంబేద్కర్ స్త్రీలతో విడిగా మాట్లాడారు. అంటరానివాళ్లని చెప్పే చీరకట్టు మార్చమన్నారు, బరువైన వెండి కడియాలు తీసేయమన్నారు. వాళ్లు మార్చారు. పైకులాల కట్టునే కొలతగా తీసుకోవడమేంటని ఇవాళ ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ నిషేధం ఉన్నచోట ఆ కట్టే కట్టడాన్ని ఉత్త అనుకరణ అని మనం కొట్టిపారేయలేం.

ఇదంతా గతమని చెప్పేవాళ్లకు 2023 చూపిద్దాం. గుజరాత్‌లోని బనస్కాంఠా జిల్లా మోటా గ్రామంలో ఒక దళిత యువకుడు మంచి బట్టలు వేసుకొని, చలువ కళ్లద్దాలు పెట్టుకున్నాడని కొట్టినట్టు కేసు నమోదైంది. అడ్డొచ్చిన తల్లినీ కొట్టి, ఆమె బట్టలు చింపారని ఫిర్యాదు. కొడుకు వేసుకున్న చొక్కాకు శిక్ష తల్లి చీర మీద పడింది. దళితుల బట్టలు బలవంతంగా విప్పడాన్ని 1989 అట్రాసిటీ చట్టం విడిగా నేరమని చెప్పాల్సి వచ్చింది అందుకే.

పాఠం పోయింది కాబట్టి కోడేరు, కొల్లాపూర్, వనపర్తి విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవుల్లో మీ వాడలోని పెద్దవ్వల దగ్గర కూర్చోండి. మొదటి రైక ఎప్పుడు కుట్టించుకున్నారు, చెప్పులతో ఊళ్లోకి మొదట నడిచింది ఎవరు, ఆ రోజు ఏం జరిగింది అని అడగండి. వాళ్ల మాటల్లోనే రాసుకోండి, ఫోన్‌లో రికార్డు చేయండి.