కంటిచూపు జన్యుశుద్ధికి రుజువు కాదు

రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల చుట్టుపక్కల పల్లెల్లో వరి ప్రధాన పంట. ఆరోగ్యంగా ఉన్న మడిని చూసి విత్తనం దాచుకోవడం రైతుకు సహజం. అయితే అంతర్గత జన్యువులు కంటికి దొరకవు.

2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఇందుకు నిదర్శనం. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే మూడు జన్యువులను చేర్చి దీనిని రూపొందించారు. వాటిలో ఎక్స్‌ఎ21 బహిర్గతం. ఎక్స్‌ఎ5, ఎక్స్‌ఎ13 అంతర్గతం. గింజ తీరులో ఇది మాతృరకాన్నే పోలి ఉంటుంది కనుక కల్తీ బయటపడదు. రెండు రకాలు సంకరమైతే, రెండవ తరంలో రెండు అంతర్గత జన్యువులూ సమయుగ్మజంగా ఉండే మొక్కలు సగటున పదహారింట ఒకటే. ఎక్స్‌ఎ21 రక్షణ చాటున ఆ లోపం మరుగున పడుతుంది.

అటువంటి విత్తనానికి ఒకే జన్యువు అండ. తెగులు క్రిమి దానిని అధిగమించిన నాడు నష్టపోయేది రైతే. కనుక పచ్చని మడిని శుద్ధతకు హామీగా విస్తరణ శాస్త్రవేత్తలు చెప్పరాదు. మూలవిత్తన దశలోనే మూడు జన్యువులకూ డి.ఎన్‌.ఎ. మార్కర్ పరీక్ష తప్పనిసరి చేయాలి.