కాలిన కంటికి ముందు నీళ్లు, ఆ తర్వాతే శాస్త్రం

వెల్ల వేస్తుంటే సున్నం చిందుతుంది. పురుగుమందు కలుపుతుంటే మొహాన చిమ్ముతుంది. తాంబూలానికి తెచ్చిన సున్నం పొట్లాన్ని పిల్లవాడు నొక్కితే పగిలి కళ్లలో పడుతుంది. రెప్పపాటులో కూలివాని బతుకు చీకటవుతుంది. ఇది తలరాత అని సరిపెట్టుకోవాల్సిన విషయం కాదు.

ఆమ్లం పడితే పైపొర గడ్డకట్టి చాలావరకు అక్కడే ఆగుతుంది. సున్నం వంటి క్షారం అలా ఆగదు, లోపలికి తొలుచుకుపోతుంది. నల్లగుడ్డు అంచున, దాని పైపొరను ఎప్పటికప్పుడు పుట్టించే మూలకణాలుంటాయి. అవి మాడిపోతే తెల్లపొర, నెత్తుటి నాళాలు నల్లగుడ్డు మీదికి పాకి చూపును కప్పేస్తాయి. అప్పుడు నేత్రదానంలో వచ్చిన పొరను అతికించినా నిలవదు.

1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఇద్దరు రోగులకు, బాగున్న కంటి నుంచి ఆ కణాలు తీసి ప్రయోగశాలలో పెంచి కాలిన కంటికి అతికించారు. ఈ తరహా వైద్యానికి ఐరోపాలో 2015లో అనుమతి వచ్చింది. కాని అది ఖరీదైన ప్రయోగశాల ఉంటేనే సాగే పని. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు 2012లో ప్రకటించిన పద్ధతికి ఆ హంగు అక్కర్లేదు. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కాన్పులో వచ్చే మాయ పొర మీద అతికిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. 125 మందికి చేసిన ఈ చికిత్స ఫలితాలను 2016లో ప్రకటించారు. నూటికి 76 కళ్లలో ఆరోగ్యకరమైన పొర నిలిచింది.

ఇది మనం గర్వించదగ్గదే. అయితే ఒక కన్ను బాగుంటేనే ఈ ముక్క దొరికేది. మందు మొహాన చిమ్మి రెండు కళ్లూ పోతే? బంధువుల కంటి నుంచి తీసుకోవాలి. శరీరం దాన్ని తోసెయ్యకుండా చాలాకాలం మందులు మింగాలి. రోజుకూలీకి అది అయ్యే పనేనా?

అందుకే అసలు వైద్యం చేలోనే మొదలవ్వాలి. కంట్లో పడిన క్షణమే రెప్పలు తెరిచి, సున్నం పలుకులు తీసేస్తూ, అరగంటసేపు ధారగా మంచినీళ్లు పోయాలి. కన్ను నులమొద్దు. ఆముదం, పసరు, చనుబాలు పొయ్యొద్దు. కడిగిన వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

మందు చల్లేవారికి రక్షణ దుస్తులుండాలని 1971 నాటి క్రిమిసంహారకాల నిబంధనలే చెప్పాయి. మందు కొట్టించే ఆసామి ఎవరైనా కళ్లద్దాలు ఇస్తున్నాడా? గట్టున బిందెడు మంచినీళ్లు పెట్టిస్తున్నాడా? పెట్టకపోతే పనిలోకి దిగమని కూలీలంతా ఒక్కమాట మీద నిలబడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కళ్లు కడిగే ఏర్పాటు, పట్నంలో చికిత్సకు దారిఖర్చులు, పోయిన కూలికి పరిహారం ప్రభుత్వమే భరించాలని సంఘాలు పట్టుబట్టాలి. కొత్త చికిత్స చేసేటప్పుడు లాభనష్టాలు మన భాషలో విడమరిచి చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యాలి.

పోయిన చూపును తెచ్చే దారి శాస్త్రం చూపింది. ఆ దారి కూలివాని గుడిసె దాకా రావాలంటే మనం కదలాలి.