అడవి దారిలో నడిచేముందు పటం చూసుకోండి

శివరాత్రికీ, ఉగాదికీ నల్లమల అడవి గుండా శ్రీశైలానికి కాలినడకన పోయే భక్తులలో మీ ఇంటివారు కూడా ఉండవచ్చు. ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం చేరే దారి అది. భక్తి ఉంటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయంటారు. నడుస్తాయేమో గాని, గుండెకూ మూత్రపిండాలకూ ఆ సంగతి తెలియదు.

"ఎన్ని కిలోమీటర్లు ఉంటుంది డాక్టరుగారూ, మా నాన్నగారు నడవగలరా?" అని చాలామంది అడుగుతుంటారు. కిలోమీటర్లు తెలిస్తే సగం సంగతే తెలిసినట్లు. ఎంత ఎత్తు ఎక్కాలి, నీరు ఎక్కడ దొరుకుతుంది, బండి వచ్చే రోడ్డు ఎంత దూరంలో ఉంది అన్నవే ఆరోగ్యానికి ముఖ్యం. ఇవన్నీ సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో షీటులో కనిపిస్తాయి. 1767లో ఏర్పడిన సంస్థ అది. సామాన్య ప్రజల కోసం వేసిన ఓపెన్ సీరీస్ పటాలు వారి వెబ్‌సైటులో దొరుకుతాయి. ఆ పటంలో 2 సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు.

పటం మీద గోధుమరంగు సన్నగీతలు వంకరలు తిరుగుతూ ఉంటాయి. పిల్లల భూగోళం పుస్తకంలో వీటినే సమోన్నత రేఖలంటారు. సాధారణంగా ఒక్కొక్క గీతకూ 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ నిట్టనిలువు ఎక్కుడు అన్నమాట. మీ దారి అడ్డంగా 15 గీతలు దాటితే 300 మీటర్లు ఎక్కినట్లు. గంటకు 5 కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ మరొక గంట చొప్పున లెక్క వేసుకోండి. అంటే 10 కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎక్కుడు ఉంటే రెండున్నర గంటలు. ఇది ఆరోగ్యవంతుడైన పడుచువాడి లెక్క. అరవై దాటినవారికి అందులో సగమైనా కలపాలి, విశ్రాంతి సమయం వేరు.

రెండంతస్తుల మెట్లు ఎక్కితే గుండెల్లో పట్టేసినట్లుండేవారు, రక్తపోటు అదుపులో లేనివారు, గర్భిణులు ఆ గీతలు దగ్గరపడిన చోటికి పోనేకూడదు. బస్సులో వెళ్ళినా మల్లన్న దర్శనం ఇస్తాడు. మధుమేహం ఉన్నవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. శివరాత్రి ఉపవాసం, మాత్రలు లేదా ఇన్సులిన్, ఎండలో నడక మూడూ కలిస్తే రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, తూలి పడిపోతారు. మీ వైద్యుణ్ణి ముందే అడిగి మందు మోతాదు సరిచేసుకోండి. చక్కెర జేబులో ఉండాలి. చెప్పులు లేకుండా నడవకండి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

ఇక నీరు. పటంలో నీలిరంగులో ఉన్నది ఏడాది పొడుగునా నీరుండే చోటు. నల్లగీతగా ఉన్న వాగు వానలప్పుడు పారి, ఎండిపోయేది. 'వాగు ఉందిగదా' అని ఖాళీ సీసాతో పోయి చైత్రమాసపు ఎండలో ఇసుక చూసి కూర్చునేవారున్నారు. వాగుకు ఎగువన ఊరుందేమో కూడా పటంలో చూడండి. ఉంటే ఆ నీటిలో ఏమేమి కలుస్తాయో చెప్పనక్కరలేదు. ఎగువన ఊరు లేకపోయినా సరే, గుడ్డతో వడకట్టి క్లోరిన్ మాత్ర వేసి, దానిమీద రాసినంతసేపు ఆగి తాగండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు (తలకొట్టిన చిన్నచెంచాలు) కలిపి కొద్దికొద్దిగా ఇస్తూ ఉండాలి. కాలకృత్యాలకు నీటికి 60 మీటర్ల దూరం పోయి, జానెడు గొయ్యి తీసి పూడ్చండి. మీ వెనుక వచ్చేవారు ఆ నీళ్ళే తాగాలి. ఇంత చిన్న దూరానికి పటం పనికిరాదు, 80 అడుగులు లెక్కపెట్టుకుంటే చాలు.

ఎండలో ఎవరైనా పొంతనలేని మాటలు మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తరలించాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీరు పోయకూడదు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. బద్ద కట్టి అవయవం కదలకుండా ఉంచి, ఆ మనిషిని నడిపించకుండా మోసుకుపోవాలి. ఎటు మోయాలో అప్పటికప్పుడు వెతకకుండా, రోడ్డు దగ్గరగా వచ్చే చోట్లను పటంమీద ముందే పెన్సిలుతో గుర్తుపెట్టండి.

పటంలో కాలిబాట ఉన్నంతమాత్రాన పోవడానికి అనుమతి ఉన్నట్లు కాదు. ఇది 1983 నుంచి పులుల రక్షిత ప్రాంతం. అటవీశాఖ అనుమతించిన రోజుల్లో, అనుమతించిన దారినే పోవాలి. సర్వే చేసిన సంవత్సరం పటం అంచున ఉంటుంది, చూడండి. పాత పటంలోని బాట పొదల్లో కలిసిపోయి ఉండవచ్చు. అడ్డదారి తొక్కితే చీలమండ బెణకడమే కాదు, జంతువుల జాడలోకి పోతారు. ఆకురాలిన అడవిలో బీడీ ముక్క పారేసినా నిప్పంటుకుంటుంది. పొయ్యి వెలిగించకండి, ఖాళీ సీసాలు వెనక్కు తెచ్చుకోండి.

తిరిగి వచ్చాక కొద్ది వారాల్లో జ్వరం వస్తే మాత్ర మింగి ఊరుకోవద్దు. అడవికి వెళ్ళివచ్చామని వైద్యునితో చెప్పి, మలేరియాకు రక్తపరీక్ష చేయించుకోండి. చంకలోనో, గజ్జలోనో కాలినట్లు నల్లని చెక్కు కనిపిస్తే అదీ చూపించండి. పొదల్లోని నల్లులవంటి పురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు, సకాలంలో పట్టుకుంటే మందుకు లొంగుతుంది.

బయలుదేరేముందు పటం నకలొకటి ఇంట్లో ఇచ్చి, ఏ దారిన పోతున్నారో, ఏ వేళకు చేరతారో దానిమీదే రాసిపెట్టండి. అడవిలో సెల్‌ఫోను పలకని చోట్లు చాలా ఉంటాయి.