తుపాకీకి ఉన్న గడువు ఉద్యోగానికి లేదా?

తిరుపతి తారకరామ స్టేడియంలో తెల్లవారుజామున పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లను కదిలించి చూడండి. కొందరికి రాతపరీక్ష కన్నా పోలీస్ వెరిఫికేషన్ అంటేనే ఎక్కువ భయం. ‘అన్నా, కాలేజీలో ధర్నా చేసినప్పుడు కేసు పెట్టినారు. ఉద్యోగం వచ్చినాక అది అడ్డమొస్తుందా?’ అని అడుగుతారు.

ఈ భయానికీ, అమెరికాలో తుపాకుల మీద జరిగే గొడవకీ ఒక సంబంధం ఉంది. అక్కడ 1993లో వచ్చిన బ్రేడీ చట్టం ప్రకారం, లైసెన్సున్న దుకాణదారు తుపాకీ అమ్మే ముందు కొనేవారి నేర చరిత్ర చూడాలి. ఈ తనిఖీ వద్దనేవాళ్లు ముఖ్యంగా మూడు మాటలు చెబుతారు. రికార్డుల్లో తప్పులుంటాయి. దోషి అని తేలని మనిషిని అనుమానించకూడదు. అసలు నేరగాడు దుకాణం దాకా రానే రాడు.

తుపాకీ విషయంలో ఈ వాదనను నేను ఒప్పుకోను. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే అమ్మేయొచ్చని ఆ చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. 2015లో చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపిన యువకుడి చేతికి తుపాకీ అలాగే వచ్చింది. ఆయుధం దగ్గర తొందరపడితే పోయేది ప్రాణం.

అయితే మొదటి రెండు మాటలనూ తుపాకీకి కాకుండా ఉద్యోగానికి వర్తింపజేసి చూడండి. అప్పుడు అవి న్యాయంగానే వినిపిస్తాయి.

మన 1959 ఆయుధాల చట్టం మామూలు కఠినమైంది కాదు. లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి, పోలీసు నివేదిక కావాలి. అయినా దరఖాస్తు పెట్టినవారికి అందులో మూడు రక్షణలున్నాయి. స్టేషన్ నుంచి నివేదిక గడువులోగా రాకపోతే, దానికోసం ఇంకా ఎదురుచూడకుండా అధికారి నిర్ణయం తీసుకోవచ్చు. కాదంటే కారణం రాతలో పెట్టాలి. పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కూ ఉంది.

తుపాకీ అడిగినవారికి ఇంత మర్యాద ఉంటే, గుమాస్తా ఉద్యోగం అడిగినవారికి ఎందుకుండకూడదు? కాగితం ఏ టేబుల్ మీద ఆగిందో, ఎన్నాళ్లకు కదులుతుందో అభ్యర్థికి చెప్పే నాథుడుండడు. అడిగితే ‘గమ్మునుండు, అదే వస్తుంది’ అంటారు.

కానిస్టేబుల్ సంగతి వేరని ఒప్పుకుంటాను. కల్యాణి డ్యాం శిక్షణ కళాశాలకు వెళ్లినవారి చేతికి రైఫిల్ ఇస్తారు. అక్కడ గట్టి తనిఖీ ఉండాల్సిందే. కానీ 2022 నవంబర్‌లో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే, తుది ఫలితాలు వచ్చేసరికి 2025 ఆగస్టు అయింది. అన్నేళ్లు ఆగినవాళ్లను వెరిఫికేషన్ పేరుతో మళ్లీ తేదీ చెప్పకుండా ఆపితే ఎట్లా?

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో దారి చూపింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసును చెప్పకపోయినా, యజమాని తన విచక్షణతో దాన్ని పట్టించుకోకుండా వదిలేయొచ్చంది. అయితే అది విచక్షణే, హక్కు కాదు. రేపు ఏ ఆఫీసరు ఎలా చూస్తాడో తెలియదు. అందుకే నియమం కావాలి. వెరిఫికేషన్‌కు గడువు, తిరస్కరిస్తే రాతలో కారణం, అప్పీలు. ఆయుధాల చట్టంలో ఉన్న ఈ మూడూ ప్రతి నోటిఫికేషన్‌లోనూ రావాలి. యువజన సంఘాలు, విద్యార్థి సంఘాలు ఉమ్మడిగా అడగాల్సింది ఇదే.

ఆ రోజు వచ్చేదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. అటెస్టేషన్ ఫామ్‌లో కేసుల గడి దగ్గర అబద్ధం రాయకండి. కేసు కొట్టేసి ఉంటే ఆ కోర్టు ఉత్తర్వు కాపీ తెచ్చి ఇప్పుడే దగ్గర పెట్టుకోండి. చిన్న కేసు కన్నా, దాన్ని దాచడమే చాలాసార్లు పెద్ద తప్పుగా మిగిలిపోతుంది.