రాలిన కాయలు

ఏప్రిల్ నెలాఖరులో జగిత్యాల వైపు ఒక్క సాయంత్రం గాలిదుమారం లేచిందంటే చాలు, తెల్లారేసరికి చెట్టున్న ప్రతి ఇంటి వాకిట్లో పచ్చి మామిడికాయల కుప్ప.

కొమ్మకు నిలిచిన బంగినపల్లి దర్జాగా చల్‌గల్ మార్కెట్‌కు పోతుంది. అక్కడ లారీ ఎక్కి, ఢిల్లీలో దిగి, సఫేదాగా అమ్ముడుపోతుంది. రాలిన కాయకు అంత యోగం లేదు. దెబ్బ తగిలింది కదా, రెండు రోజులాగితే మెత్తబడుతుంది. అందుకే తోట ఉన్నవాళ్లు లేనివాళ్లకు సంచి నింపి ఇస్తారు, వాళ్లు పక్కింటికి నాలుగు కాయలు పంచుతారు. ఆ వారం ఆ వాడకట్టులో ‘ఇయ్యాల ఏం కూర?’ అని ఎవరూ ఎవర్నీ అడగరు.

మొదటిరోజు పప్పు. కందిపప్పు ఉడికే గిన్నెలో నాలుగు పుల్లటి ముక్కలు, పచ్చిమిర్చి, చివర్లో ఎల్లిగడ్డ పోపు. మర్నాడు పచ్చిపులుసు. కాయను నిప్పుల మీద కాల్చి, గుజ్జు పిసికి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేస్తే ఆ పూటకు చింతపండుతో పనిలేదు. తర్వాత పులిహోర. ఆ తర్వాత పిల్లలు కంచం చూసి మూతి ముడుస్తారు. ఇల్లాలి నేర్పు బయటపడేది అప్పుడే. అదే కాయను తురిమి, ఉప్పు, కారం, మెంతిపొడి కలిపి తొక్కు చేసి వేడన్నంలో వేస్తే, మూతి ముడిచినవాడే మళ్లీ వడ్డించమంటాడు.

వంటల పుస్తకంలో ముందు వంటకం పేరుంటుంది, దాని కింద కావలసినవి. ఇక్కడ అంతా తలకిందులు. కావలసింది పిలవకుండానే వచ్చి గడపలో కూర్చుంటుంది. వంటకాన్ని మనం వెతుక్కోవాలి.

వానకాలంలో కోరుట్ల చుట్టుపక్కల మక్క కంకులు లేతగా ఉంటే గారెలు, కాస్త ముదిరితే గుడాలు. ఆనిగెపుకాయ తీగ ఒక్కసారే విరగకాస్తే తురిమి బియ్యప్పిండిలో కలిపి సర్వప్ప. బీరకాయ కూరకు, దాని పొట్టు తొక్కుకు. ఇవన్నీ పారేయడానికి మనసొప్పక పుట్టిన వంటలే అనిపిస్తుంది నాకు. బహుశా అందుకే వీటిని ఎవరూ పెళ్లి విందులో పెద్దగా పెట్టరు, ఊరు విడిచినవాళ్లు మాత్రం ముందు వీటినే తలుచుకుంటారు.

ఇంకా మిగిలితే ఎండ ఉండనే ఉంది. డాబా మీద పాత చీర పరిచి ముక్కలు ఆరబోస్తే ఒరుగులవుతాయి. వానలు పడ్డాక పప్పులోకి పులుపు అవే. ఎక్కువ చేసినవాళ్ల ఒరుగులు నిజామాబాద్ మార్కెట్‌కు చేరి, ఆమ్‌చూర్ కోసం ఉత్తరాదికి తరలిపోతాయి. కొమ్మ మీది కాయ పోయిన దిక్కుకే రాలిన కాయా పోతుందన్నమాట, కాకపోతే కాస్త ఆలస్యంగా.

కాయలే కాదు, ఇక్కడి మనుషులూ దూరాలు పోయినవాళ్లే. సిరిసిల్ల నేతన్నలు భీవండికి, షోలాపూర్‌కు వలస పోయారు. కోరుట్ల, జగిత్యాల పల్లెలవాళ్లు దుబాయ్, మస్కట్ పట్టారు. మామిడి కాసే వేళకు సెలవు దొరకడం వాళ్లలో ఎందరికి కుదురుతుంది? పండు అంత దూరం పంపడం కష్టం. తొక్కు పంపొచ్చు. సెలవు ముగిసి తిరిగి పోయే అబ్బాయి ఇంటికి ముందురోజు రాత్రి ఒక్కొక్కరే వస్తారు, నూనె కారకుండా కవర్లు చుట్టిన డబ్బాలతో. “మా చిన్నోనికి అందియ్యి బిడ్డా, నువ్వు కూడా ఇంత తిను.” అక్కడ గదిలో ఉండే నలుగురూ ఖుబూస్ రొట్టెలో నంజుకుంటూ ఇది ఎవరింటి తొక్కో రుచిని బట్టి పోల్చుకుంటారట.

శంషాబాద్‌లో పెట్టె తూకం ఎక్కువైందంటే అబ్బాయిలు అక్కడే కూర్చుని పెట్టె విప్పుతారు. కొత్త చొక్కాలు తీసి సాగనంపడానికి వచ్చినవాళ్ల చేతికిస్తారు. తొక్కు డబ్బా జోలికి మాత్రం పోరు.